దానయ్య గేటు

దానయ్య డ్యూటీలో ఉన్నాడంటే ఆ రైలు గేటు దగ్గర ఎవరి ఆటలూ సాగవు. మెట్టుగూడ నుంచి యూనివర్సిటీ వెనక వైపుకి పోయే లోపలి రోడ్డు అది. గేటు పడితే కార్లూ లారీలూ ఎలాగూ ఆగాల్సిందే. నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు మాత్రం ఏ గేటు దగ్గరైనా ఏం చేస్తారు? నడుం వంచి కర్ర కింద నుంచి దూరి, అటూ ఇటూ ఓసారి చూసి పట్టాలు దాటిపోతారు. దానయ్య దగ్గర ఆ పప్పులు ఉడకవు. చక్రం తిప్పి కర్రలు దించుతాడు. పచ్చజెండా పట్టుకుని పట్టాల పక్కన నిలబడతాడు. ఎవడైనా నడుం వంచాడా, నోట్లో ఈల పెట్టి చెవులు చిల్లులు పడేట్టు ఊదుతాడు. ఈలకి లొంగనివాడికి జెండా కర్ర అడ్డం పెడతాడు. నడిచేవాళ్ళని ఆపమని రైల్వేవాళ్ళు ఆయనకేమీ చెప్పలేదు. మిగతా వేళల్లో డ్యూటీ చేసేవాళ్ళు బీడీ కాలుస్తూ చూస్తూ కూర్చుంటారు. ఈయనకే ఆ పట్టింపు. ఒకసారి సొంత పెళ్ళాం బుచ్చవ్వ నెత్తిన కట్టెలమోపుతో వస్తే ఆమెనీ నిలబెట్టాడు. గూడ్సు పోయేదాకా మోపుతో నిలబడి, గేటు లేచాక ఆమె మొగుణ్ణి తిట్టిన తిట్లు మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో చాలాకాలం చెప్పుకున్నారు.

ఒక గురువారం మధ్యాహ్నం దానయ్య కొడుకు ఇన్నయ్య తండ్రికి సద్ది గిన్నె పట్టుకుని వచ్చేసరికి గేటు పడే ఉంది. ముసురు పట్టి అప్పటికి రెండు రోజులు. కర్రకి ఇవతల లక్ష్మీనర్సయ్య సారు స్కూటర్ మీద కూర్చుని తడుస్తున్నాడు. యూనివర్సిటీలో ఆటలన్నిటికీ ఆయనే పెద్ద, అందరూ పీ.డీ. సారు అంటారు. ఇన్నయ్య ఆయనకి నమస్కారం పెట్టి, ఆయన పక్కనే నిలబడ్డాడు. గిన్నెలో అన్నం చల్లారిపోతున్నా, తండ్రి పట్టాలకి అవతల కనిపిస్తున్నా, గేటు లేచేదాకా ఇన్నయ్యకి కర్ర కింద దూరాలన్న ఊసే రాదు. చిన్నప్పటి నుంచి అదే అలవాటు. అలవాటంటే వీపు మీద రెండు మూడుసార్లు జెండా కర్ర పడ్డాక వచ్చిన అలవాటు.

రైలు పోయింది. దానయ్య చక్రం తిప్పాడు. సారు వెంటనే స్కూటర్ కదిలించకుండా దానయ్యతో మాట కలిపాడు. ఆదివారం పొద్దున యూనివర్సిటీ మారథాన్ ఈ రోడ్డు మీదుగానే వస్తుందన్నాడు. పేరుకే మారథాన్. అసలైన దాంట్లో సగం కూడా ఉండదు. గోడల మీద కాగితాలు అంటించినవాళ్ళు గొప్పకి అలా రాశారు, చదివినవాళ్ళూ అలాగే అన్నారు. ఆర్ట్స్ కాలేజీ ముందు మొదలుపెట్టి తార్నాక మీదుగా హబ్సిగూడ దాకా పోవాలి. అక్కడ మలుపు తిరిగి మళ్ళీ తార్నాక, ఆ తర్వాత మెట్టుగూడ, చివరికి ఈ గేటు దాటి వెనక దారిన కాలేజీకి చేరాలి. ఆ వేళకి రైలేమైనా ఉందా అని సారు అడిగాడు. ప్యాసింజరు అప్పటికే పోతుందని, గూడ్సులకి మాత్రం వేళాపాళా ఉండదని దానయ్య చెప్పాడు. గూడ్సు వచ్చినా పిల్లలు దాటేదాకా కాస్త గేటు ఎత్తి ఉంచరాదా అని సారు నవ్వుతూ అన్నాడు.

"స్టేషన్ల గంట గొడ్తే దించుడే సారు" అన్నాడు దానయ్య. "మంత్రి కారొచ్చినా దించుడే."

"అందరికన్న ముందు ఉరికేటోడు నీ కొడుకేనయ్యా."

దానయ్య కొడుకు వంక చూడలేదు. సద్ది గిన్నె అందుకుని మూత తీసి, లోపలేముందో చూసి, మళ్ళీ మూత పెట్టాడు. "ఎవరైనా గంతే సారు" అన్నాడు.

సారు వెళ్తూ వెళ్తూ ఇన్నయ్యని దగ్గరికి పిలిచి ఒక మాట చెప్పాడు. ఈసారి పందెంలో మొదటి ఇద్దరినీ యూనివర్సిటీ టీములో తీసుకుంటారు. టీములో ఉన్నవాడికి హాస్టల్లో సీటూ, మెస్సులో తిండీ ఉచితం. మూడోవాడికి శాలువా కూడా లేదు. సారు ఈ మాట అందరికీ చెప్పినట్టే ఇన్నయ్యకీ చెప్పాడు కానీ, ఇన్నయ్య విన్నంత గట్టిగా ఇంకెవరూ విని ఉండరు. నెలాఖరుకి దానయ్యకి రిటైర్మెంటు. క్వార్టరు ఖాళీ చేయాలి. బుచ్చవ్వ అప్పుడే జనగామ దగ్గర తల్లిగారి ఊళ్ళో ఒక ఇల్లు చూసి పెట్టింది. ఇన్నయ్య బి.ఏ. రెండో ఏడులో ఉన్నాడు. సీటు వస్తే చదువు, రాకపోతే వరంగల్ మిల్లులో పని. అక్కడున్న బావ, మేస్త్రీతో మాట్లాడి పెట్టానని కబురు కూడా పంపాడు. ఇంట్లో ఈ సంగతి ఎవరూ పైకి అనరు. కానీ సామానులో సగం అప్పుడే మూటలు కట్టి గోడవారగా పేర్చి ఉంది. ఇన్నయ్య పుస్తకాలు మాత్రం ఇంకా ఏ మూటలోకీ ఎక్కలేదు.

శనివారం సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చింది. ఇన్నయ్యా, వీరస్వామీ కలిసి దారంతా ఒకసారి నడిచి చూశారు. వీరస్వామిది గోల్నాక. తండ్రికి బర్రెలున్నాయి. పొద్దున సైకిలు మీద ఇళ్ళకి పాలు పోసి, ఆ సైకిలు మీదే కాలేజీకి వస్తాడు. ఇద్దరూ ఏడాదిగా కలిసి పరుగెత్తుతున్నారు. ఎవరి రొప్పు ఎప్పుడు మొదలవుతుందో ఒకరిది ఒకరికి తెలుసు. హబ్సిగూడ దగ్గర రోడ్డంతా ఎర్రమట్టి కొట్టుకొచ్చి జారుతోంది. తార్నాక చౌరస్తాలో మోకాలి లోతు గుంట ఒకటి నీళ్ళ కింద దాక్కుని ఉంది. దానికి ఎడమ పక్కగా పోవాలని గుర్తు పెట్టుకున్నారు. ఇక భయమల్లా ఉమాపతితోనే. వాడు ఊళ్ళో ఏదో పెద్ద కాలేజీ నుంచి వచ్చినవాడు, కాళ్ళకి తెల్లటి కొత్త కాన్వాస్ బూట్లు, పొడుగు కాళ్ళు. బూట్లకేముంది, వానలో అవే వాడి కొంప ముంచుతాయన్నాడు వీరస్వామి. వీళ్ళిద్దరికీ బూట్లు లేవు కాబట్టి ఆ మాట ఇద్దరికీ హాయిగానే తోచింది.

ఆ రాత్రి అన్నాలయ్యాక బుచ్చవ్వ ఆముదం వెచ్చజేసి కొడుకు పిక్కలకి రాసింది. రాస్తూనే ప్రార్థన చేసింది. ప్రార్థన మధ్యలో ఆపి గోరు దగ్గర పగిలిన చోటు చూసి, మళ్ళీ ప్రార్థనలోకి వెళ్ళింది. దేవుడికి ఆమె సంగతి తెలుసు కాబోలు. దానయ్య మంచం మీద కూర్చుని మర్నాటి డ్యూటీకి లాంతరు గాజు తుడుస్తున్నాడు. ఆయన ఇంట్లో మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గాజుని వెలుతురుకి పెట్టి చూస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

"నడుమల ఒకసారి ఆగితే ఏమైతదిరా?"

ఇన్నయ్యకి మొదట అర్థం కాలేదు. పందెం గురించి తండ్రి ఒక్క మాట అడగడం అదే మొదలు. ఆగితే కాళ్ళు చల్లబడి బిగుసుకుపోతాయని, మళ్ళీ కదిలినా ముందటి ఊపు రాదని చెప్పాడు. దానయ్య ఊఁ అని లాంతరు పక్కన పెట్టి అటు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం తెల్లవారేసరికి వాన దంచి కొడుతోంది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు ముప్పై మంది దాకా పిల్లలు వణుకుతూ నిలబడ్డారు. ఛాతీకి కట్టుకున్న గుడ్డల మీద నంబర్లు సిరా కారి, ఎవరిది ఎనిమిదో ఎవరిది మూడో తెలియకుండా పోయాయి. పందెం వాయిదా వేయమని కొందరన్నారు. వచ్చే ఆదివారం మాత్రం ఎండ కాస్తుందని ఎవరు చెప్పారు అన్నాడు పీ.డీ. సారు. ఆయన పైకెత్తిన తుపాకీ తడిసి పేలలేదు. రెండోసారి నొక్కితే టిక్కుమని ఊరుకుంది. ఆయనకి విసుగొచ్చి, "పోండ్రి ఇగ" అన్నాడు. అలా మొదలైంది ఆ ఏటి మారథాన్.

మొదట అందరూ గుంపుగా ఉన్నారు. తార్నాక దాకా ముందువాడి మడమలు చిమ్మే నీళ్ళు వెనకవాడి నోట్లో పడుతున్నాయి. చౌరస్తాలో ఇరానీ హోటలు రేకుల కింద నిలబడి చాయ్ తాగుతున్నవాళ్ళు వీళ్ళని చూసి, ఇంత వానలో కొంపలంటుకున్నట్టు ఎటు ఉరుకుతున్నారని నవ్వారు. నీళ్ళ కింది గుంటలో ఇద్దరు పడ్డారు. ఒకడు లేచి కుంటుకుంటూ ఆ హోటల్లోకే పోయాడు. హబ్సిగూడ రోడ్డు ఎక్కేసరికి ఎదురుగాలి మొదలైంది. వాన ఇక పైనుంచి కాదు, ఎదురుగా కొడుతోంది. కళ్ళు తెరిస్తే సూదులు. ఇన్నయ్య తల వంచి రోడ్డు అంచు తెల్లగీత ఒక్కటే చూస్తూ పరుగెత్తాడు. మలుపు దగ్గర బల్ల మీద నిమ్మనీళ్ళ గ్లాసులు పెట్టారు. వాటిలో నిమ్మరసం కన్నా వాననీళ్ళే ఎక్కువ. తాగినవాడూ తాగనివాడూ ఒకటే.

వెనక్కి తిరిగాక గాలి వీపు మీదికి వచ్చింది. అప్పుడు తెలిసింది ఇన్నయ్యకి, తనలో ఇంకా చాలా ఉందని. ముందున్న ఉమాపతి బూట్లు నీళ్ళు తాగి, అడుగడుక్కీ పచక్ పచక్ మంటున్నాయి. ఆ చప్పుడు కాసేపు ముందు నుంచి వినబడింది, కాసేపు పక్క నుంచి, ఆ తర్వాత వెనక నుంచి. తార్నాక మళ్ళీ దాటేసరికి ఇన్నయ్య ముందు ఎవరూ లేరు. వీరస్వామి ఉమాపతికి వెనకగా వస్తున్నాడు. మెట్టుగూడ చర్చిలో పాట నడుస్తోంది. లోపల అమ్మ ఉండి ఉంటుంది. మిషన్ బడి గోడ కింద తల మీద గోనెసంచులు వేసుకున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇన్నయ్యకి రొమ్ములో మంట లేదు, పిక్కల్లో నొప్పి లేదు. ఇక మిగిలింది గేటు, గేటు దాటాక మర్రిచెట్లూ మలుపులూ ఏవీ లేని తిన్నటి దారి. హాస్టలు గది ఎలా ఉంటుందో, అందులో బల్ల ఎటు వైపు ఉంటుందో అప్పుడే కళ్ళ ముందు కనబడింది. వాడికి నవ్వొచ్చింది. పరుగులో నవ్వితే ఊపిరి తప్పుతుందని పెదవులు బిగబట్టాడు.

లోపలి రోడ్డు వాలులోకి దిగుతుంటే స్టేషన్ గంట వినిపించింది.

తలెత్తి చూశాడు. రైల్వే వాళ్ళిచ్చిన నల్లటి రెయిన్‌కోటులో దానయ్య చక్రం దగ్గర వంగి ఉన్నాడు. తడిసిన పిడి చేతిలో జారుతుంటే కోటు అంచుతో పట్టి తిప్పుతున్నాడు. కర్రలు వణుకుతూ దిగుతున్నాయి. ఇన్నయ్య ఇంకా గట్టిగా పరుగెత్తాడు. ఉన్నదంతా కూడదీసుకుని పరుగెత్తాడు. పది అడుగుల దూరంలో ఉండగా కర్ర వచ్చి దుంగ మీద టక్కున ఆనింది. వాడి కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

ఛాతీ ఎత్తున ఉన్న ఆ కర్రని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. రైలు జాడ లేదు. దూరంగా మలుపు దగ్గర వానపొగ తప్ప ఏమీ కనబడదు. దానయ్య జెండా తీసుకుని పట్టాల పక్కకి వచ్చాడు. కొడుకుని చూశాడు. చూశాడా అంటే చూశాడు, అంతే. తర్వాత మొహం తిప్పేసుకున్నాడు. రైలు వచ్చే వైపు కూడా కాదు, తను డ్యూటీలో కూర్చునే చిన్న గది, ఆ గుమ్టీ గోడ వైపు తిరిగి, గోడ మీద ఏదో రాసి ఉన్నట్టు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. వాన ఆయన కోటు మీద పడి ధారలు కడుతోంది. ఇన్నయ్య ఆ వీపు వంక చూశాడు. కన్నకొడుకు మొహం చూడడానికి కూడా మనసు రాలేదు కాబోలు అనుకున్నాడు. 

పచక్ పచక్ మని ఉమాపతి వచ్చాడు. వేగం తగ్గించకుండానే నడుం వంచి, కర్ర కింద నుంచి దూరి, పట్టాలు దాటి, అవతలి కర్ర కింద నుంచి దూరి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఈల మోగుతుంది అనుకున్నాడు ఇన్నయ్య. మోగలేదు. దానయ్య కదలలేదు.

వీరస్వామి వచ్చాడు. ఇన్నయ్య నిలబడి ఉండడం చూసి ఆశ్చర్యపోయి వాడి భుజం పట్టి గుంజాడు.

"దా రా, రైలింకా రానే లేదు."

ఇన్నయ్య కర్ర వదల్లేదు. వీరస్వామి ఒక్క క్షణం అటూ ఇటూ ఊగి, ఏదో గొణిగి, వంగి దూరిపోయాడు. ఈసారీ ఈల లేదు. అమ్మని మోపుతో సహా నిలబెట్టిన మనిషి, ఎవడో బూట్లవాడు దూరుతుంటే గోడ చూస్తూ నిలబడ్డాడు. రూలంతా ఇంట్లోవాళ్ళకే అన్నమాట. ఇన్నయ్యకి చలి అప్పుడు తెలిసింది.

గూడ్సు బండి తీరుబడిగా వచ్చింది. సిగ్నల్ దొరక్క ఇంజను ఈడ్చుకుంటూ వచ్చి, గేటు మధ్యలో ఇంకాస్త నెమ్మదించి, బొగ్గు వ్యాగన్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూపించుకుంటూ పోయింది. వ్యాగన్ల సందుల్లోంచి అవతలి రోడ్డు కనబడుతోంది. రోడ్డు ఖాళీగా ఉంది. వెనక వచ్చిన మరో ఇద్దరు కుర్రాళ్ళు ఇన్నయ్య పక్కన నిలబడి, కర్ర మీద మోచేతులు ఆనించి రొప్పుతున్నారు. బండి పోయాక కర్రలు లేచాయి. ఇన్నయ్య పరుగెత్తాడు. పరుగనేది పేరుకే. పిక్కలు రాళ్ళయ్యాయి. ఆ తిన్నటి దారి ఎంతకీ తరగలేదు.

మూడోవాడిగా చేరాడు. ఉమాపతి మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పి నీళ్ళు వంపుతున్నాడు. ఇన్నయ్యని చూసి లేచి వచ్చి, కాలు పట్టిందేమో అనుకున్నానని మర్యాదగానే అన్నాడు. వాడి తప్పేమీ లేదు, గేటు కింద దూరడం ఊళ్ళో ఎవడైనా చేసే పనే. వీరస్వామి మాత్రం మొహం చూపలేక అటూ ఇటూ తిరిగి, చివరికి పీ.డీ. సారు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాడు. ఇన్నయ్య గేటు దగ్గర ఆగాడు సారు, లేకపోతే మొదటివాడు వాడే అన్నాడు. సారు తడిసిన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు. గేటు దగ్గర ఆగాలని గానీ ఆగొద్దని గానీ పందెం రూల్సులో లేదు, ఆగితే నేనేం చేసేది అన్నాడు. పైగా మొన్ననే అడిగాను, ఆ తండ్రే ఒప్పుకోలేదు అని కూడా అన్నాడు. చివరికి ఇన్నయ్య వీపు మీద చెయ్యి వేసి, వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు. వచ్చే ఏడు ఇన్నయ్య ఎక్కడ ఉంటాడో ఆయనకి తెలియదు.

ఇంటికి వెళ్ళేసరికి బుచ్చవ్వ చర్చి నుంచి వచ్చి ఉంది. కొడుకు మొహం చూసి, తల తుడిచింది, వేడివేడిగా జొన్నగట్క పెట్టింది. వాడు తిన్నాక సద్ది గిన్నె చేతికిచ్చింది. నేను పోను అన్నాడు. ఆయన పొద్దుటి నుంచి ఉపాసం ఉన్నాడని ఆమె అన్నది. ఉండనీ అన్నాడు. అన్నాడు కానీ గిన్నె పట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఒక్కటే మాట నాలుక మీద నానుతోంది.

గేటు లేచే ఉంది. వాన తగ్గి తుంపర్లు పడుతున్నాయి. దానయ్య గుమ్టీలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కోటు విప్పలేదు. ఇన్నయ్య గిన్నె బల్ల మీద పెట్టి గుమ్మంలోనే నిలబడ్డాడు. దానయ్య మూత తీసి, చెయ్యి కడుక్కుని, ముద్ద కలుపుతూ ఎన్నోవాడివని అడిగాడు. మూడు అన్నాడు ఇన్నయ్య. దానయ్య చెయ్యి ఆగింది.

"నాయినా, లోకమంతటికీ లేని రూలు నాకొక్కనికేనా? వాళ్ళు దూరుతుంటే ఈల ఎందుకు ఊదలె? నన్నొక్కన్నే ఆపినవ్."

"నేనెక్కడ ఆపిన్రా?"

ఆ గొంతు ఇన్నయ్య ఎరిగిన గొంతు కాదు. దానయ్య గిన్నెలోకే చూస్తూ మాట్లాడాడు. రాత్రంతా నిద్ర పట్టలేదని చెప్పాడు. పొద్దున గంట మోగాక దించకుండా ఉండడం తన చేతిలో లేదనీ, దించాక మాత్రం ఒక పని తన చేతిలో ఉందనిపించిందనీ చెప్పాడు.

"అందుకే గోడ దిక్కు తిరిగిన. నౌకరిల చేరినంక గేటు పడ్డప్పుడు నేను మొకం తిప్పలె ఎన్నడు. నువ్వు దూరిపోతవని తిప్పిన. వాన హోరుల కాళ్ళ సప్పుడు ఒక్కటే ఇనబడ్డది. పోయిండు నా కొడుకు అనుకున్న. మళ్ళొక సప్పుడు ఇనబడ్డది. వాని సోపతిగాడు అనుకున్న. బండొచ్చేటప్పుడు ఇటు తిరిగి చూస్తే నువ్వు అట్లనే కర్ర పట్టుకొని ఉన్నవ్."

ఇన్నయ్య గుమ్మం పట్టుకున్నాడు. ఇన్ని గంటలుగా మోసుకొచ్చిన కోపం ఎటు పోయిందో తెలియలేదు. దాని చోట వచ్చిన దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

"ఎందుకాగినవ్ రా?" అన్నాడు దానయ్య. "జర వంగి దూరిపోరాదూ?"

"వేరే గేటైతే దూరేటోన్ని నాయినా. నువ్వున్నవని ఆగిన."

కొడుకు తన మాట అంతగా విన్నాడంటే ఏ తండ్రయినా నలుగురిలో చెప్పుకుని మురుస్తాడు. దానయ్య చేతిలో ముద్ద గిన్నెలోనే పెట్టేసి, కోటు చేతిని కళ్ళకి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఇన్నయ్య లోపలికి వచ్చి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాడు.